కోసిన ముక్కకు బొట్టు

కరీంనగర్‌లో నేను పనిచేసే ల్యాబుకు ఎదురుగానే ఆసుపత్రి. ఆపరేషన్ మధ్యలో కణితి ముక్క కోసి, డబ్బాలో పెట్టి, రోగి బంధువుల చేతికిచ్చి పంపుతారు. నేను దాన్ని మిషన్లో గడ్డకట్టించి, పలుచగా కోసి, రంగు వేసి ఇస్తే, క్యాన్సరో కాదో మా డాక్టరు చెబుతారు. అప్పటిదాకా రోగిని మత్తులోనే ఉంచుతారు.

ఆ రోజు వచ్చింది ఒకామె రొమ్ములోని కణితి. నీలం రంగు వేసి చూద్దును కదా, స్లైడు నిండా ఎర్రటి రేణువులు! డబ్బాలో మిగిలిన ముక్కను చూస్తే, నేను రక్తమనుకున్నది సింధూరం.

బయటికొచ్చి అరిచాను. "ఎవరు పూసిన్రు గిది?"

"నేనే బిడ్డా," అంది రోగి అత్త. "కొండగట్టు అంజన్న గుడిది. బొట్టు పెట్టిన."

"బొట్టు కోడలి నొసట పెట్టాలె గాని, కోసిన ముక్కకు పెడ్తరా అవ్వా?"

"కోడలి కాడికి నన్ను రానిస్తలేరు గద! నా చేతికిచ్చింది గీ ముక్కనే."

లోపలికి పరుగెత్తి ముక్కను మధ్యకు కోసి చూశాను. అదృష్టం కొద్దీ ముక్క నడిమి భాగం శుభ్రంగా ఉంది. అక్కడ పలుచగా కోసి మళ్లీ రంగు వేశాను. క్యాన్సర్ కాదని, రొమ్ము తీయనక్కర్లేదని మా డాక్టరు ఆపరేషన్ గదికి ఫోన్ చేశాకే ఊపిరి పీల్చుకున్నాను.

డబ్బా తెరవొద్దని ఇప్పుడు అందరినీ ముందే హెచ్చరిస్తున్నాను. ఆపరేషన్ గదిలో ఉన్నవాళ్లు మీకేమవుతారని కూడా అడుగుతున్నాను.