నీళ్ళు తాగే జీపు

మరాఠీ నాకు వచ్చని నేను చెప్పుకున్న మొదటి రోజే ఎవరైనా నా చెంప మీద ఒక్కటిచ్చి ఉంటే మా బావ బతుకు బాగుపడేది. ఎవరూ ఇవ్వలేదు. పైగా ఇంట్లో అందరూ మురిసిపోయారు.

రాజురా తాలూకాను ఆదిలాబాద్ నుంచి తీసి మరాఠీ వైపు కలిపిన రోజులవి. మేము ఉన్నచోటే ఉన్నాం, కాగితాల భాష మాత్రం మారిపోయింది. నిజాం కాలం నుంచి కచేరీలో ఉర్దూ రాసి బతికినవాళ్ళు ఒక్క దెబ్బకు చదువురానివాళ్ళయ్యారు. మరాఠీ వచ్చని రాసిచ్చినవాళ్ళను చాందాకు తీసుకున్నారు. ఇప్పటి చంద్రపూర్‌నే అప్పుడు చాందా అనేవాళ్ళం. నేను మూడు నెలలు అక్షరాలు దిద్దుకుని, వచ్చని రాసిచ్చి, గుమాస్తా ఉద్యోగం నిలుపుకున్నాను.

మా అక్క భర్త అదే కచేరీలో జీపు డ్రైవరు. ఆయనకు ఉర్దూ రాయడం వచ్చు, జీపు చప్పుడు విని జబ్బు చెప్పడం వచ్చు, మరాఠీ మాత్రం రాదు. ఆయన పేరు ఇంకా పక్కా ఉద్యోగుల జాబితాలోకి ఎక్కలేదు. ఆ ఏడాది మాట పడకుండా గడిస్తే ఎక్కుతుందన్నారు. చాందాలోనే బాబుపేట్‌లో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. అందరి ప్రాణం ఆ జాబితా మీదే ఉండేది.

ఎండలు ముదిరాక జీపు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. పొద్దున రేడియేటర్ నిండా పోస్తే, జివతి గుట్టలెక్కి దిగేసరికి సగం డబ్బా తక్కువ. ఇంజను ఆపాక లోపల గుడగుడమని చప్పుడు. కింద మాత్రం చుక్క కారేది కాదు. బావ రబ్బరు గొట్టాలన్నీ తడిమాడు, పంపు కింద వేలు పెట్టి చూశాడు. అంతా పొడి. సాయంత్రం జీపు కింద గోనెసంచి పరిచి పొద్దున్నే తీసి చూశాడు. అదీ పొడి. ఒక ఆదివారం, ఇంజను చల్లగా ఉండగానే మూత తీసి, నన్ను స్టార్ట్ చేయమని తాను వంగి చూశాడు.

"ఇగో, బుడగలు జూడు," అన్నాడు. "నీళ్లల్ల గాలి ఏడికెల్లొస్తది? ఇంజన్ల మంట నీళ్లల్లకు దూరుతుంది, నీళ్లు మంటలకు పోతున్నయ్. రెండిటి నడుమ అడ్డముండే గ్యాస్కెట్ కాలింది."

వెనక్కి పోయి సైలెన్సర్ ముందు అరచెయ్యి పెట్టి తెచ్చి నాకు చూపించాడు. తడిసి ఉంది.

"కింద కారితే పదిమందికి కనవడ్తది. ఇది పొగల కలిసి పోతుంది. ఎవడు నమ్ముతడు?"

ఎవడూ నమ్మలేదు. గ్యాస్కెట్ మార్చమని మూడు అర్జీలు పెట్టాడు, ముత్యాల్లాంటి ఉర్దూలో. కొత్త కచేరీలో ఉర్దూ చదివే దిక్కెవరు? అర్జీలు ఫైలులో అడుగున పడ్డాయి. బావ ప్రతి రెండు కోసులకూ జీపు ఆపి నీళ్ళు పోస్తూ నెట్టుకొచ్చాడు.

చివరికి జివతి గుట్ట మీద, కచేరీ పెద్ద సాహెబ్ పక్కన కూర్చుని ఉండగా, ఇంజను పట్టేసింది. మిట్టమధ్యాహ్నం సాహెబ్ ఎండలో నడిచాడు. జీపును లారీకి కట్టి తుకుం దారిలో బండ్లు బాగుచేసే మిస్త్రీ షెడ్డుకు ఈడ్చుకొచ్చారు. మిస్త్రీ ఇంజను విప్పి చూసి మరాఠీలో రిపోర్టు రాసి కచేరీకి పంపాడు. వారానికి బావ పేర కాగితం వచ్చింది. ఒకటే వాక్యం: "గళతీబాబత్ చాలకానె ఖులాసా కరావా."

బావ ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఏంది రా, ఏం రాసిండ్రు?"

నాకు ఎంత సంతోషం వేసిందో చెబితే సిగ్గుచేటు. ప్రతి మాటా తెలిసినట్టే ఉంది! బాబత్ అంటే గురించి, ఖులాసా అంటే వివరం, చాలక్ అంటే డ్రైవరు. గళతీ అంటే మన గల్తే కదా, తప్పు. మధ్యలో ఆ ళ ఎందుకుందంటే, మరాఠీవాళ్ళ నాలుక అంతేలే అనుకున్నాను.

"నీ గల్తి గురించి సంజాయిషీ అడుగుతున్నరు బావా."

"నా గల్తి ఏంది? మూడు మార్లు రాసిస్తి గదా!"

"నువ్వు జీపు సంగతి జూడు, కాగితం సంగతి నాకిడిచిపెట్టు. పెద్దసాబ్‌తోని వాదం వెట్టుకుంటే జాబితల పేరెక్కుతదా? గల్తి అయింది, మాఫ్ చెయ్యుండ్రి అని రాసిస్తే ఒడుస్తది."

మా దగ్గర ఆనవాయితీ అదే. నిజాం కచేరీలో తప్పు ఎవరిదైనా సరే, కిందివాడు చేతులు కట్టుకుని "గల్తి అయింది సర్కార్" అంటే పైవాడి కోపం దిగేది, ఉద్యోగం నిలిచేది. బావకూ అది తెలుసు. అయినా ఒప్పుకోలేదు. అక్క వంటింట్లోంచి వచ్చి, "తమ్ముడు సదువుకున్నోడు, వాడు చెప్పినట్టు ఇను," అంది. అప్పుడు సంతకం చేశాడు.

ఆ జవాబు రాసింది నేనే. అక్కడైనా గళతీ అనే మాటే తిప్పి రాసి ఉంటే చదివినవాడు నవ్వేవాడు, గుట్టు బయటపడేది. నా తెలివి ఊరుకుంటుందా? అచ్చమైన మరాఠీ మాట తెలుసని చూపించుకోవాలి. "మాఝీ చూక్ ఝాలీ" అని రాశాను. తప్పు నాదే అని. మిడిమిడి జ్ఞానం కొంపలు ముంచుతుందంటే ఏమో అనుకునేవాణ్ణి.

జాబితా వచ్చింది. బావ పేరు లేదు. తప్పు తానే ఒప్పుకున్నాడు కనుక పనిలో ఉంచడం కుదరదన్నారు. బావ మూటాముల్లె సర్దుకుని, అక్కను తీసుకుని, కోర్పనా దగ్గర వాళ్ళన్న చేనులో పనికి పోయాడు.

వానలు పడ్డాక ఒకరోజు ఇంటి యజమానురాలు నా గదిలోకి వచ్చి, "కుఠె గళతీ ఆహె?" అని అడిగింది. గల్తి ఎక్కడుందని అడుగుతోందనుకుని ఉలిక్కిపడ్డాను. "నాది కాదు బాయీ," అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది. "అరె బాబా, నీది కాదు, కప్పుది!" అంటూ పెంకుల సందులోంచి నా పరుపు మీద పడుతున్న చుక్కల్ని చూపించింది.

గళతీ అంటే కారడం.

మర్నాడు ఫైలు తీశాను. మిస్త్రీ రాసింది ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. నీళ్ళు లోపలే కారుతున్నాయి, గ్యాస్కెట్ పాతబడి కాలింది, డ్రైవరు చేసిందేమీ లేదు. బావ చెప్పిందే. నీళ్ళు కారుతున్న సంగతి ఎప్పటినుంచి తెలుసు, ఎవరికైనా చెప్పావా అన్నది తేల్చడానికే ఆ వివరం అడిగారు. మూడుసార్లు రాసిచ్చాను అంటే చాలు. అర్జీలు అదే ఫైలులో ఉన్నాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సాహెబ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన చెడ్డవాడేం కాదు. అంతా విని, ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపాడు.

"నాకు మరాఠీ సరిగ్గా రాదు, అందుకే తప్పు అర్థం చెప్పాను అని రాసి సంతకం పెట్టు. కేసు మళ్ళీ తెరుస్తాను," అన్నాడు మరాఠీలో. అది మాత్రం నాకు బాగానే అర్థమైంది.

రేపు ఇస్తానని చెప్పి బయటికొచ్చాను. రేపు ఇవ్వలేదు. ఎల్లుండీ ఇవ్వలేదు. సాహెబ్‌కు బదిలీ అయింది. సాకులు చెప్పను. నా ఉద్యోగం ఊడుతుందని భయపడ్డాను, అంతే. అదే కచేరీలో రిటైరయ్యేదాకా పనిచేశాను. చివరి ఏళ్ళలో మరాఠీవాళ్ళే వాళ్ళ చిత్తుప్రతులు నాకు చూపించి దిద్దించుకునేవాళ్ళు. సిగ్గులేని బతుకు.

బావ చేనులోనే ముసలివాడయ్యాడు. మళ్ళీ బండి పట్టలేదు. ఆయన పోయాక, పదోరోజు భోజనాలకు చుట్టాలంతా వచ్చారు. పాత సంగతులు తవ్వుకుంటుంటే అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని అందరికీ వినపడేలా చెప్పింది: "ఆ దినం మా తమ్ముడు అడ్డం పడి మాఫీ రాసియ్యకపోతే ఈయనను జైల్ల ఏస్తుండిరి. వాడు మా ఇంటి దేవుడు."

బంతిలో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగి చేతులు జోడించారు. నేను విస్తరి మీద తల వంచుకుని, ఇంకొంచెం పప్పు వడ్డించమన్నాను.