ఆయా అడిగిన ఆదివారం

నా భర్త చనిపోయిన ఏడాది, ధర్మవరం నుంచి హిందూపురం వెళ్లే ప్యాసింజర్‌లో ఒకామె నా ఎనిమిది నెలల పాపను ఎత్తుకుంది. బెంగుళూరులో పిల్లల్ని చూసుకునే పనట. సోమవారం నేను హిందూపురంలో మళ్లీ ఉద్యోగంలో చేరాలి. పాపను చూసే మనిషి లేదు.

"ఒక్క బిడ్డకు నెలకెంత ఇయ్యాల?" అని అడిగాను.

"ఆడ ఎనిమిదొందలు ఇస్తాండారు గానీ ఇంటికి పంపేది ఎప్పుడో ఒకసారే. ఆదివారం ఇంటికి పోనిస్తే నీకు ఆరొందలకే వస్తామ్మా."

"ఆదివారం నేను ఆరాధనకు పోవాల. ఆ పొద్దు నువ్వు ఉండాల్సిందే. తొమ్మిదొందలు తీసుకో."

"నా కూతురు నన్ను చూసేదీ ఆ పొద్దే కదమ్మా."

ఆమె ఊరు పెనుకొండ రాగానే, తన గాజు పట్టుకున్న పాప వేళ్లను ఒక్కొక్కటే విడిపించి, నా ఒడిలో పడుకోబెట్టి దిగిపోయింది.

దేవుడు విశ్రాంతి దినాన్ని పనిమనిషికి కూడా ఇచ్చాడని సండే స్కూల్లో పిల్లలకు నేర్పేదాన్ని నేనే. ఆ తర్వాత చాలా ఆదివారాలు, ఏడ్చే పాపతో చర్చి మెట్ల మీద కూర్చుని లోపలి పాటలు విన్నాను.