తోడు గొంతు

బస్సు వంతెన దాటి ఎత్తు ఎక్కుతుండగా పక్క సీట్లోని మనిషి చెవులకున్న హెడ్‌ఫోన్లు మెడ మీదికి లాక్కుని, ఎవరితోనో ఒకరితో చెప్పుకోకపోతే కడుపుబ్బిపోయేలా ఉన్నట్టు నవ్వాడు.

"ఏంటి బాబూ, పాటలా?" అంది గుసగుసల టీచరు, మాట వరసకి.

"పాటలైతే ఇంకేంటమ్మా! పిల్లల చదువులు. తెల్లవారుజాము నుంచి నూట పదిహేను మంది చదివింది విన్నాను. చెవులు చిల్లులు పడ్డాయి."

ఆమె ఒళ్ళోని సంచి గట్టిగా పట్టుకుంది.

ఆమె బడిలోకి ట్యాబ్‌లు వచ్చి రెండేళ్ళయింది. ఇరవై ఆరు ట్యాబ్‌లు, ఇనప బీరువాలో ఒక్కోదానికి ఒక్కో చార్జింగు తీగ. పేర్లు రాయడం రాని పిల్లలు కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ. గొడుగు నొక్కితే ఒక పిల్ల పుస్తకం, టీ కెటిల్ నొక్కితే ఇంకో పిల్లవాడి పుస్తకం తెరుచుకుంటాయి. తెర మీది పాఠాన్ని పిల్ల ఒక్క నిమిషం పైకి చదవాలి. యాప్ వింటుంది, మాటలు లెక్కపెడుతుంది, ఎరుపో పసుపో ఆకుపచ్చో చూపిస్తుంది. అంతే అనుకుంది ఆమె. విని వదిలేస్తుందనుకుంది, మనిషి చెవిలాగే.

"అవన్నీ దాచిపెడతారా?" అంది, గొంతు మామూలుగా ఉంచుకుని.

"దాచకపోతే నాకు జీతం ఎందుకిస్తారమ్మా? మామూలుగా ఎవరూ వినరనుకోండి. ఎర్రగా ఉన్న పిల్ల నెల తిరక్కుండా ఆకుపచ్చగా మారిందంటే మాత్రం నా నెత్తిన పడుతుంది. ఇవాళ పోయేది అలాంటిదానికే. రెండో తరగతి, గొడుగు బొమ్మ పిల్ల." అతను హెడ్‌ఫోన్లు ఆమె చేతిలో పెట్టేశాడు. "మీరూ వినండి. ఎవరికీ వినిపించకూడదు గానీ, మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. పిల్ల గొంతు కింద ఇంకో గొంతుంది చూడండి, బావిలోంచి వస్తున్నట్టు."

ఆమె విన్నది. అది తన గొంతే. మనిషి తన గొంతు తాను బయటినుంచి వింటే ఎవరో పరాయివాళ్ళు దొంగతనానికి వచ్చినట్టుంటుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

"నాకేం తేడా తెలీలేదు," అని తిరిగి ఇచ్చేసింది.

నాలుగు ఊళ్ళు తిరిగి నాలుగు బళ్ళ గుమ్మాల్లో నిలబడినవాళ్ళకు ఒక సంగతి తెలుస్తుంది. గోడల రంగు మారుతుంది, బెంచీల ఎత్తు మారుతుంది, పలక పోయి పుస్తకం, పుస్తకం పోయి తెర వస్తుంది. చదువు చెప్పే మనిషి ఏం చేస్తుందో అది మాత్రం మారదు: పిల్ల పక్కన కూర్చుంటుంది. ఇరవై రెండేళ్ళుగా గుసగుసల టీచరు చేస్తున్నదీ అదే. పిల్ల చదువుతుంటే పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లకంటే వెంట్రుకవాసి వెనగ్గా, గుసగుసగా తానూ చదువుతుంది. పిల్లకు ధైర్యం రాగానే తన గొంతు తగ్గించేస్తుంది. ఆ పేరు పెట్టింది పిల్లలే. తోటి టీచర్లు కూడా అసలు పేరు మర్చిపోయారు.

గొడుగు పిల్లకు నత్తి. అక్షరాలన్నీ వచ్చు. మొదటి మాట దగ్గర దవడ బిగుసుకుపోతుంది, కళ్ళు పెద్దవవుతాయి, నిమిషం అయిపోతుంది. యాప్ సున్నా వేస్తుంది. మూడు నెలలు వరసగా ఎరుపులో ఉంటే ఊరికి అవతలి కొసన ఉన్న ప్రత్యేక బడికి పంపాలని రూలు. పిల్ల తల్లి కుట్టు కార్ఖానాలో పని చేస్తుంది. "అంత దూరం ఎవరు దింపుతారు టీచర్? అక్కడికి పొమ్మంటే మాన్పించేస్తాను. నా పక్కన కూర్చుని గుండీలు కుడుతుంది," అని మొహం మీదే చెప్పేసింది.

మూడో నెల ఆఖరి రోజున టీచరు పిల్ల పక్కన కూర్చుంది, అలవాటు చొప్పున. తోడు గొంతు దొరకగానే పిల్ల వాగులో పడిన కాగితం పడవలా సాగిపోయింది. తెర ఆకుపచ్చగా వెలిగింది. అది తప్పని తెలిసీ ఆమె చెరిపేయలేదు. ఆ మర్నాడూ కూర్చుంది. ఆ మర్నాడూ.

స్టాపులో ఇద్దరూ దిగారు.

"బడికి ఎటు పోవాలమ్మా?"

"రండి. నేనూ అక్కడికే."

"మీ మనవలున్నారా అక్కడ?"

"నాది రెండో తరగతే సార్."

అతని నడక ఒక్క అడుగు తడబడింది. అంతవరకూ 'బాబూ' అన్న మనిషి 'సార్' అన్నది. మెకానిక్ షెడ్డు, సైకిళ్ళ షాపు, బట్టలారేసిన మేడ, అన్నీ దాటుకుంటూ ఇద్దరూ బడి గేటు దాకా నడిచారు.

హెడ్‌మాస్టరు ముందుగానే ఎదురొచ్చాడు. "గంటలో తేల్చేయాలట సార్. పిల్లని పిలిపించాను. ఏమ్మా, నువ్వు ఆ బీరువా దగ్గర నిలబడు. పక్కన ఎవరూ ఉండకూడదట."

గొడుగు పిల్ల బల్ల ముందు కూర్చుంది. కాళ్ళు నేలకు అందడం లేదు. మిగతా పిల్లలు చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఇదివరకు చూడని పాఠం ఒకటి తెర మీదికి తెచ్చి అతను వెనక్కి జరిగాడు.

"చదువమ్మా. భయం లేదు."

నిమిషం మొదలైంది. తెర అంచున నీలం గీత తరుగుతోంది.

"మే... మే..." దవడ బిగిసింది. పిల్ల తల తిప్పి బీరువా వైపు చూసింది.

పెదవులు కదిపితే చాలు. శబ్దం కూడా అక్కర్లేదు. ఆ పిల్లకు టీచరు పెదవులు చదవడం వచ్చు. అతను తెరనే చూస్తున్నాడు, హెడ్‌మాస్టరు గడియారం చూస్తున్నాడు. గీత సగమయింది. ఆమె నాలుక పళ్ళ వెనక 'మేఘం' అన్న మాటని పట్టుకుని ఆపింది. ఇవాళ పెదవులు కదిపితే రేపు మళ్ళీ కదపాలి. మూడో తరగతిలో ఎవరు కదుపుతారు?

"ఆపండి సార్," అంది. "ఆ కింది గొంతు నాదే."

హెడ్‌మాస్టరు నోరు తెరిచాడు. "ఏంటమ్మా నువ్వనేది?"

"పిల్లకి చదవడం వచ్చు సార్. మొదటి మాట గడప దాటలేదు. పక్కన ఎవరైనా చదువుతుంటే దాటేస్తుంది. అది నా గొంతే కానక్కర్లేదు. మీరు కూర్చోండి."

"నేనా?" అన్నాడు అతను. "నేను పరీక్ష చేయడానికొచ్చానమ్మా, పాఠం చెప్పడానిక్కాదు."

"పరీక్షే చేయండి. మధ్యలో ఆగిపోండి. కావాలని తప్పు చదవండి. చిలకలా మీ మాట పలుకుతోందో, తెర చూసి చదువుతోందో మీ చెవికే తెలుస్తుంది. మీరు నూట పదిహేను మందిని విన్న మనిషి."

అతను మెడలోని హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, ఆ చిన్న బెంచీ మీద మోకాళ్ళు బల్లకి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాడు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"మేఘం కొండ మీద..." అని మొదలుపెట్టాడు, లెక్కలు అప్పజెప్పే గొంతుతో. పిల్ల అందుకుంది. రెండో వాక్యంలో అతను 'ఎలుగుబంటి'ని కావాలని 'ఏనుగు' అన్నాడు. పిల్ల 'ఎలుగుబంటి' అనే చదివి, అతనివైపు జాలిగా చూసింది. మూడో వాక్యం మధ్యలో అతను ఆగిపోయాడు. పిల్ల నాలుగు మాటలు ఒంటరిగా నడిచి, ఐదోదాని దగ్గర తడబడి అతని చొక్కా చెయ్యి లాగింది.

అతను గబగబా మళ్ళీ అందుకున్నాడు.

పేజీ అయ్యాక లేచి టీచరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చదవగలదు, పక్కన గొంతు ఉండాలి అని రాస్తాను. దానికి యాప్‌లో గడి లేదు, కాగితం మీద రాస్తాను. పిల్ల ఇక్కడే ఉంటుంది, ఆ పూచీ నాది. కానీ ఆ ఆకుపచ్చలన్నీ ఎలా వచ్చాయో కూడా రాయాలమ్మా. అది రాయకపోతే ఇది నమ్మరు."

"రాయండి."

"రాస్తే మీ చేతిలోంచి తరగతి తీసేస్తారు. ఇవాళే."

"ఎక్కడ సంతకం పెట్టాలో చూపించండి."

హెడ్‌మాస్టరు కళ్ళద్దాలు తుడుచుకోవడంలో పడ్డాడు. ఇరవై రెండేళ్ళలో వేల వాచకాల అట్టల మీద పెట్టిన సంతకమే టీచరు పెట్టింది. బీరువా తాళం హెడ్‌మాస్టరు చేతిలో పెట్టింది.

"పిల్లలకి ఒక్క మాట చెప్పి వెళ్ళమ్మా," అన్నాడు ఆయన.

ఆమె బెంచీల వైపు చూసింది. గొడుగు పిల్ల తనిఖీకి వచ్చిన మనిషిని వదల్లేదు. "ఇంకో పేజీ," అంటోంది. ఆ రెండు మాటలూ తడబడకుండా అన్నది, బహుశా కోరిక నత్తికంటే వేగంగా పరిగెత్తి ఉంటుంది. అతను దిక్కులు చూసి మళ్ళీ బెంచీలో ఇరుక్కున్నాడు. కెటిల్ బొమ్మ పిల్లవాడు కూడా జరిగి వాళ్ళ పక్కన చేరి, ఎవరూ అడక్కుండానే చదవడం మొదలుపెట్టాడు. మూడు గొంతులు. పిల్లది మధ్యలో.

ఇప్పుడు నోరు విప్పితే ఆ పిల్ల తల తిప్పుతుంది. తిప్పితే చదువు ఆగిపోతుంది.

టీచరు సంచి భుజానికి తగిలించుకుని, చెప్పుల చప్పుడు కాకుండా గోడ వెంబడే గుమ్మం దాకా వచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వరండా దిగి, గేటు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.