తాడు లాగిన మనిషి

మొన్న ఆదివారం పొద్దున పుంగ్గోల్‌లో మా బ్లాక్ పక్కనున్న కార్ పార్క్ గుండా కూరగాయల సంచితో వస్తుంటే, వెనక ఎక్కడో ఒక కారు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. రేకు డబ్బాకు మూత పెట్టినట్టు టప్పుమనే చప్పుడు కాదు. నిండు బియ్యం బస్తాను జాగ్రత్తగా నేల మీద దించితే వస్తుందే, అలా మెత్తగా, బరువుగా ఉంది. వాన వెలిసిన తడి వాసన ఇంకా గాలిలోనే ఉంది. తిరిగి చూస్తే ముదురాకుపచ్చ రంగు పాత జపాన్ కారు. ఎవరో ముసలాయన తలుపు మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడి, లిఫ్ట్ వైపు వెళ్లిపోయాడు. సింగపూర్‌లో అంత పాత కారు కనిపించడం అరుదు. ఇక్కడ కారుకు ప్రభుత్వం రాసిచ్చే ఆయుష్షు పదేళ్లు. ఆ తర్వాత మళ్లీ బోలెడు కట్టి ఉంచుకోవాలి, లేదా వదులుకోవాలి. నిక్షేపంగా నడిచే కార్లు కూడా తుక్కుకు వెళ్లిపోయే ఊరు ఇది. ఆ చప్పుడును గుర్తుపట్టడం నాకు నేర్పింది మొయిన్ సార్. సంచీ చేతిలో పట్టుకుని ఆ కారు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

మొయినుద్దీన్ సార్ నా మొదటి బాస్. హైదరాబాద్ మనిషి. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, అక్కడ కార్ల విడిభాగాలు చేసే ఒక కర్మాగారంలో చాలా ఏళ్లు పనిచేసి, అది మూతపడ్డాక అందరిలాగే కంప్యూటర్ నేర్చుకుని సింగపూర్ వచ్చారు. వైటూకే భయం గడిచిపోయి, కంప్యూటర్ ముందు కూర్చోగలిగిన ప్రతివాడికీ ఉద్యోగం దొరికిన రోజులవి. నాకూ అలాగే దొరికింది. నాది మంగళగిరి. మా నాన్న చేనేత కార్మికుడు. కామర్స్ డిగ్రీ, అమీర్‌పేటలో కొన్ని నెలల టెస్టింగ్ కోర్సు, అంతే నా చదువు. మిగిలినదంతా లైబ్రరీలో సొంతంగా నేర్చుకున్నదే. టాంపినీస్‌లో ఒక తెలుగువాళ్ల ఇంట్లో గది తీసుకుని ఉండేదాన్ని. సెలవు రోజు వస్తే అక్కడి లైబ్రరీలోనే పొద్దుగూకేది. ఉచితంగా అన్ని పుస్తకాలు ఇంటికిస్తారన్న సంగతి నాకు చాలా రోజులు నమ్మబుద్ధి కాలేదు. రాఫెల్స్ ప్లేస్‌లో మా ఆఫీసులో పెద్ద కాలేజీల వాళ్ల మధ్య కూర్చున్నప్పుడు, వీళ్లెవరూ చదవనివి నేను చదివాను కదా అని లోపల్లోపల గర్వపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆఫీసు దగ్గర హాకర్ సెంటర్ భోజనశాలలో, టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసుకున్న, అంటే ముందే పట్టి ఉంచుకున్న బల్ల ముందు కూర్చుని చదువుకుంటుంటే, మొయిన్ సార్ ట్రేతో వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఏం పుస్తకమమ్మా గది?"

ఒక జపాన్ కార్ల కంపెనీ చరిత్ర అని చూపించాను. ఆ పేరు ఇక్కడ రాయనక్కర్లేదు. ఈ ఊళ్లో ఏ రోడ్డు పక్కన నిలబడినా కాసేపట్లో దాని కారు ఒకటి కనిపిస్తుంది. చదివినదంతా ఆయనకు అప్పజెప్పాను. ఆ కంపెనీ మొదట కార్లు చేయలేదని, మగ్గాలు చేసిందని, పోగు తెగితే తనంతట తానే ఆగిపోయే మగ్గం కనిపెట్టిందే దానికి మూలమని చెప్పాను. తర్వాత కార్ల ఫ్యాక్టరీలో కూడా అదే పద్ధతి పెట్టారని, ప్రతి కార్మికుడికీ అందేలా ఒక తాడు వేలాడుతుందని, తప్పు కనిపిస్తే ఎవరైనా లాగి మొత్తం లైను ఆపవచ్చని, అప్పుడు పైవాడు పరిగెత్తుకొచ్చి ముందు థ్యాంక్స్ చెప్పి తర్వాతే సంగతి అడుగుతాడని ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

ఆయన అన్నం కలుపుకుంటూ అంతా విన్నారు. "మంచిగ చదివినవ్. మరి మీ నాయన మగ్గం మీద పడుగు పోగు తెగితే ఏం జేస్తడు?"

"ఆపి ముడేస్తారండి."

"ఆపకుంటే?"

"ఆ పోగు లేనంత మేరా చీరలో గీత పడుతుందండి. చివరిదాకా."

"గదీ." ఆయన నవ్వారు. "నీకు ఇంట్ల తెలిసిన ముచ్చటనే లైబ్రరీల దొరికింది. ఫికర్ నక్కో, ఇంక నీకు టెస్టింగ్ నేర్పే పని నాకు లేదు."

నేర్పారు, అయినా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్రోగ్రాం రేపు ఇవ్వాలనగా అందులో తప్పు పట్టాను. నా వల్ల అందరూ ఆగిపోతారని భయపడుతూ ఆయన దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "షుక్రియా అమ్మా," అన్నారు అందరూ వినేలా. ఆ తర్వాతే నా కంప్యూటర్ దగ్గరికి నడిచారు. ఆ ఒక్క మాటతో నా జీవితంలో ఏదో సర్దుకుంది. తప్పును చూపించినవాడు తప్పు చేసినవాడు కాడన్న సంగతి అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

వాళ్ల ఇల్లూ టాంపినీస్‌లోనే, మాకు రెండు బ్లాకుల అవతల. భార్య నస్రీన్ ఆంటీ, కూతురు సనా. ఆదివారాలు వాళ్ల కారులో లిటిల్ ఇండియా తీసుకెళ్లి సరుకులు ఇప్పించేవారు. అదే కంపెనీ కారు. ఎవరో వాడి అమ్మేసినది, ఆయుష్షులో కొన్నేళ్లు మాత్రమే మిగిలినది. నేను తలుపు విసురుగా వేస్తే ఊరుకునేవారు కాదు. మళ్లీ తెరిపించి, మెల్లగా మూయించి, "విన్నవా? చేసినోడు నిద్రపోయి చేయలే," అనేవారు. దారి పొడుగునా ఆ కంపెనీ కథలే. మొదట్లో అమెరికాకు పంపిన వాళ్ల కార్లు అక్కడి పొడవాటి రోడ్ల మీద వేగం అందుకోలేక, వేడెక్కి ఆగిపోయి, పరువు తీశాయట. వాళ్లు బుకాయించకుండా అమ్మకం ఆపి, మళ్లీ మొదటినుంచీ చేసుకొచ్చారట.

"పేరు గట్ల వస్తదమ్మా. సిగ్గుపడ్డ తర్వాత."

"డాడీ, నాట్ అగైన్ లా!" అనేది వెనక సీటులో సనా. "ప్రతి సండే సేమ్ స్టోరీ. పద్మా ఆంటీ, యూ డోంట్ ఎంకరేజ్ హిమ్, కెన్?"

"కెన్, కెన్," అని ఈ ఊరి యాసలోనే సరేననేదాన్ని నేను. ఆంటీ నవ్వి సనా జడ లాగేది. ఆ కారులో ఉన్నంతసేపు నాకు ఈ దేశంలో ఒక ఇల్లు ఉన్నట్టే ఉండేది.

ఆ మరుసటి ఏడాదికే గాలి మారింది. పైపైకి పోతున్న ఇంటర్నెట్ కంపెనీలు ఒకటొకటిగా చితికిపోవడం మొదలైంది. లిఫ్ట్‌లో నిన్న కనిపించిన ముఖాలు ఇవాళ ఉండేవి కావు. మాకు మిగిలిన పెద్ద పని ఒక్కటే, మందులు నిలవచేసి ఆస్పత్రులకు పంపే ఒక గిడ్డంగికి సాఫ్ట్‌వేర్. దాన్ని పరీక్షిస్తుండగా ఒకసారి ఒక మందు గడువు తేదీ ఇంకో మందుకు వచ్చి కూర్చోవడం చూశాను. ఇద్దరు ఒకే క్షణంలో ఎంట్రీ చేస్తే అలా అవుతోందని నా అనుమానం. మళ్లీ చేస్తే రాలేదు. చాలా ప్రయత్నాల తర్వాత ఇంకోసారి వచ్చింది, మళ్లీ మాయమైంది. కారణం ఎవరికీ దొరకలేదు. మొయిన్ సార్ సంతకం పెడితేనే అది గిడ్డంగికి వెళ్లాలి. ఇవ్వాల్సిన రోజు దగ్గరపడుతోంది.

ఆ వారం వాళ్ల ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు నస్రీన్ ఆంటీ ఖట్టీ దాల్ వడ్డిస్తూ నా వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు పద్మా. పిల్లకు ఈ యేడే ఓ-లెవెల్, బడి ఆఖరి పరీక్షలు. గవి అయ్యేదాక ఈయన నోరు మూసుకుంటే ఏం పోతది? రెండుసార్లు కనబడ్డదంట, మళ్ల లేదంట. లేని దయ్యం కోసం కొలువు పోగొట్టుకుంటరా ఎవరన్న?"

"పోతదని ఎవరన్నరు?" అన్నారు సార్.

"అందరివీ పోతున్నయ్ కదా జీ! వాళ్లకు సాకు ఒక్కటే కావాలె."

ఉద్యోగం పోతే ఇక్కడ ఉండే అనుమతి కూడా పోతుంది. ఆ సంగతి ఆ బల్ల దగ్గర అందరికీ తెలుసు. సనా తలెత్తకుండా తింటోంది. ఆయన కూతురు వైపు చూశారు, గ్లాసు ఎత్తి నీళ్లు తాగకుండానే దించారు. "దయ్యమైతే పద్మకు ఎట్ల కనబడ్డది?" అని మాత్రం అన్నారు.

మీటింగ్ రోజున మా డైరెక్టర్ మొదట్లో మంచిగానే మాట్లాడాడు. "మొయిన్, ఎవ్రీ సాఫ్ట్‌వేర్ ఆల్సో గాట్ బగ్ లా. ముందు ఇచ్చేద్దాం, తర్వాత సరిచేద్దాం," అన్నాడు. కారణం దొరికేదాకా సంతకం పెట్టనని సార్ చెప్పారు. డైరెక్టర్ ముఖం మారింది. కస్టమర్ వేరే కంపెనీని చూసుకుంటే మనమందరం రోడ్డున పడతామన్నాడు. అది కూడా అబద్ధం కాదని నాకు తెలుసు. "అసలు దీన్ని చూసింది ఎవరు?" అని అడిగాడు. నేను నోరు తెరిచాను. నా కన్నా ముందు సార్ గొంతు వినిపించింది.

"నేను చూసిన. నేనొక్కన్నే," అన్నారు ఇంగ్లీషులో. తర్వాత నా వైపు తిరగకుండానే తెలుగులో, "పద్మా, పోయి ప్రింటవుట్ పట్టుకరా అమ్మా," అన్నారు.

ఏ ప్రింటవుట్టూ లేదు. ప్రింటర్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాక గాని ఆ సంగతి నాకు తట్టలేదు. ఉత్త చేతులతో తిరిగి వచ్చేసరికి మీటింగ్ గది తలుపు వేసి ఉంది. అద్దంలోంచి ఆయన వీపు కనిపిస్తోంది, నిటారుగా. పుస్తకంలో చదివిన ఫ్యాక్టరీలో తాడు లాగగానే ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. ఆ గదివైపు ఎవరూ రాలేదు. అందరూ తమ తమ కంప్యూటర్లలోకి మరింత వంగి కూర్చున్నారు.

ఆ వారమే ఆయన్ను తీసేశారు. వేరొకరు సంతకం పెట్టారు. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. చూసింది నేను కాదు కదా.

కారును ఎవరో వ్యాపారి కొని, ఓడలో ఇంకో దేశానికి పంపేశాడు. "మాకన్న ముందు అదే దేశం దాటింది చూడు," అని సార్ నవ్వబోయారు. ఎయిర్‌పోర్టులో ఆంటీ నన్ను కౌగిలించుకుంది. సనా దూరంగా పెట్టె మీద కూర్చుని ఉంది, స్కూలు యూనిఫాం స్కర్టు మీద మామూలు చొక్కా వేసుకుని. పరీక్షలకు ఇంకా కొన్ని నెలలు ఉన్నాయి. నేను ఆపుకోలేక సార్‌ను అడిగాను, చేసింది సరైనదేనా అని. అవునంటారనుకున్నాను. ఆ మాట నాకు కావాలి.

ఆయన సనా వైపు చూశారు. "తెల్వదమ్మా. ఆ పుస్తకంల తాడు లాగినోని ఇంటి సంగతి రాయలే."

తర్వాత ఏమైందని అడుగుతారు చదివేవాళ్లు. ఏమీ కాలేదు. సాఫ్ట్‌వేర్ వెళ్లింది, గిడ్డంగి నడిచింది, నేనున్నంత కాలం ఒక్క ఫిర్యాదూ రాలేదు. లోపం దానంతట అదే పోయిందో, ఎవరూ చూడని చోట జరుగుతూనే ఉందో, గడువు దాటిన మందు ఎవరి చేతికైనా చేరిందో ఎవరికీ తెలియదు. కొంతకాలానికి మా కంపెనీయే మూతపడింది. నాకు ఇంకో ఉద్యోగం దొరికింది, తర్వాత పెళ్లి, ఈ పుంగ్గోల్ ఇల్లు. హైదరాబాద్‌లో సార్‌కు ఆ వయసులో సరైన పని దొరకలేదు. ఎవరివో చిన్న కంపెనీల్లో చేరడం, మానడం. సనా చదువు మధ్యలో తెగి, ఏడాది పోయి, ఆ పిల్ల అనుకున్న దారి కాక వేరే దారిన సాగింది. పండక్కి ఫోన్ చేస్తే సార్ నన్ను అడిగేది ఒక్కటే, ఇప్పుడు ఏ పుస్తకం చదువుతున్నావని. పేర్లు చెప్పేదాన్ని. "మంచిగ చదువు," అనేవారు.

నిరుడు సనా ఫోన్ చేసి ఆయన పోయారని చెప్పింది. అంతసేపు ఏడవకుండా మాట్లాడిన మనిషి, పెట్టేసే ముందు ఆగింది.

"పద్మా ఆంటీ, ఒకటి అడగనా? ఆ మెడిసిన్ సాఫ్ట్‌వేర్... దాని వల్ల ఎవరికైనా ఏమైనా అయిందా? డాడీ ఆస్పత్రిలో కూడా అడిగారు. మీకు తెలిసి ఉంటుంది అన్నారు."

అయిందంటే ఆ పిల్ల తండ్రి గెలుస్తాడు, ఎవరో మనిషి పోతాడు. కాలేదంటే ఆ పిల్ల పోగొట్టుకున్నదంతా ఊరికే పోయినట్టు. అబద్ధం ఏ వైపు చెప్పాలో కూడా నాకు తెలియలేదు.

"నాకు తెలియదమ్మా," అన్నాను.

"ఓకే, ఆంటీ," అంది సనా. లైను తెగిపోయింది.

ఇప్పుడు సంతకం పెట్టే కుర్చీలో నేను ఉన్నాను. నా కింద పనిచేసే పిల్లలు అప్పుడప్పుడు భయపడుతూ వస్తారు, ఒకసారి కనిపించి మళ్లీ కనిపించని తప్పులు పట్టుకుని. నేను లేచి నిలబడి థ్యాంక్స్ చెబుతాను. అది పుస్తకంలో ఉన్నదే. ఆ పైన, ఎవరు చూశారని పైవాళ్లు అడిగినప్పుడు, నేను చూశానని నా పేరు చెబుతాను. ఇంటికి వచ్చి నా కొడుకు పక్కన భోజనానికి కూర్చున్న ప్రతిసారీ వాడి ముఖంలోకి చూస్తాను. వాడికి ఈ సంగతులేవీ తెలియవు. రేపు నా మాట ఎక్కడైనా చెల్లక ఉద్యోగం, దానితో ఇక్కడ ఉండే అనుమతీ పోతే, నాతో పాటు వాడి స్కూలు పుస్తకాలు కూడా పెట్టెలోకి వెళతాయని నాకు తెలుసు. తెలిసీ చెబుతున్నాను. అది ధైర్యమో, ఆయన నాకు అంటించిన తెగులో, ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను.