అడుగు కాగితం, అరడుగు కాగితం

నాయుడుపేట బజారులో ఫ్యాన్సీ షాపు తెరిచిన రోజు నుంచీ తోడికోడళ్ళిద్దరికీ పడలేదు. పెద్దామె భానుప్రియ ముందు కౌంటరులో కూర్చునేది. చిన్నామె ఉష వెనక బల్ల మీద గ్రీటింగ్ కార్డులూ ఫొటో ఆల్బములూ చేసేది. పుట్టినరోజులకీ ఓణీల ఫంక్షన్లకీ చేత్తో చేసిన కార్డు ఇవ్వడం ఊళ్ళో అప్పుడప్పుడే మోజుగా మారుతోంది. చాకిరీ తనది, పేరు పెద్దామెదని ఉష మంట. చోటు మాది, సరుకు మాది, దానిది కత్తెర ఒక్కటేనని భానుప్రియ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

వాళ్ళ వైరం ముదిరింది కాగితం దగ్గర. డిజైన్ కాగితాలు కొనడానికి చెన్నై వెళ్ళేది భానుప్రియే. వెళ్ళినప్పుడల్లా అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పెద్ద షీట్లే తెచ్చేది.

"పెద్దదుంటే చిన్నది కోసుకుంటావు. చిన్నదాన్ని పెద్దది చేస్తావా?" అనేది.

"ఆ షీట్ల మీద పువ్వులు అరచెయ్యంత ఉండాయక్కా. కార్డు సైజుకి కోస్తే సగం రేకు మిగలతాది. చూసేవాళ్ళకి అది పువ్వో మరకో తెలీదు. అరడుగు కాగితాల ప్యాడ్లు తే. అవే డిజైన్లు, చిన్నగా ఉంటాయి."

"ఆ ప్యాడ్లు పిల్లకాయలు ఆడుకునే పుస్తకాల మాదిరి ఉంటాయి. నా షాపులో పెట్టను."

ఉష పంతం పట్టి, ఎవరికీ చెప్పకుండా ఆన్‌లైన్లో అరడుగు ప్యాడ్లు తెప్పించుకుంది. కార్డులు ముచ్చటగా వచ్చాయి. కానీ ఆ వెంటనే ఒక ఓణీల ఫంక్షనుకి పెద్ద ఆల్బం కావాలన్నారు. చేతిలో ప్యాడ్లే ఉన్నాయి, పెద్దామెను షీట్లు అడగడానికి నామోషీ. నాలుగేసి చిన్న కాగితాలు అతికించి ఒక్కో పేజీ చేసింది. అతుకులన్నీ పైకి కనిపించాయి. పెళ్ళికూతురులా ముస్తాబైన ఆ పిల్ల ఫొటో కింద మాసికలు వేసిన దుప్పటి పరిచినట్టుంది. వాళ్ళు వద్దన్న ఆ పేజీని భానుప్రియ పారేయలేదు. కౌంటరు అద్దం కింద పెట్టి, వచ్చిన ప్రతి మనిషికీ చూపించింది. ఉష ఆ సంగతి మరిచిపోలేదు, క్షమించలేదు.

అలాంటి రోజుల్లో పులికాట్ సరస్సు ఒడ్డు పల్లె నుంచి పోలేరమ్మ అనే ఆవిడ బస్సు దిగి షాపుకి వచ్చింది. ఆవిడ భర్త వెంకయ్య చేపలవేటకి పోయేవాడు. పడవలోనే గుండె ఆగి చనిపోయాడు. సంవత్సరీకం దగ్గరపడుతోంది. ప్లాస్టిక్ కవరు విప్పి ఉన్న ఫొటోలు బయటికి తీసింది. ఒకటి పాస్‌పోర్టు సైజుది. ఒకటి వల భుజాన వేసుకుని పడవ పక్కన నిలబడినది. కూతురి పెళ్ళిలో దిగిన గుంపు ఫొటోలో మాత్రం మనిషి సగమే పడ్డాడు. మిగతావి ఫోన్లోంచి తీయించినవి, అన్నీ చిన్నవే.

"ఇయ్యన్నీ ఒక పుస్తకంలో పెట్టియ్యండమ్మా" అంది.

భానుప్రియ వెంటనే అడుగు సైజు ఆల్బం తీసి బల్ల మీద పరిచింది. "ఇది తీసుకోమ్మా. మనిషి పోయినాక గౌరవంగా ఉండాల గదా."

వెనక నుంచి ఉష లేచి వచ్చింది. "ఆమె దగ్గరుండేవి చిన్న ఫొటోలు. ఎనిమిదంగుళాలది చాలు."

"కస్టమరు ముందర నోరు తెరవద్దని నీకెన్నిసార్లు చెప్పాల?"

"ఎందుకు తెరవకూడదు? అమ్ముడుపోని పెద్ద ఆల్బం ఆమెకి అంటగడతావుంటే చూస్తా కూర్చోవాల్నా?"

"చేతకాని పేజీలు అతికించేదానివి, నువ్వు నాకు చెప్తావా?"

ఆ మాటతో ఉషకి ఒళ్ళు తెలియలేదు. పాస్‌పోర్టు ఫొటో లాక్కుని పెద్ద పేజీ నట్టనడుమ పెట్టింది. చుట్టూ బోలెడంత ఖాళీ. "చూడు, నీ గౌరవం. మనిషి తప్పిపోయినాడని గోడకి అంటించిన నోటీసు మాదిరి ఉండాది."

అన్న తరువాత పోలేరమ్మ ముఖం చూసింది. ఆవిడ ఫొటో తీసి కొంగుతో తుడిచింది. అన్నిటినీ మళ్ళీ కవర్లో పెట్టుకుంది.

"మీ తగాదాకి మా ఆయన బొమ్మే దొరికిందామ్మా?" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నీవల్లంటే నీవల్లని ఆ పూటంతా అరుచుకున్నారు. ఉష అరిచింది గానీ, ఆవిడ కొంగుతో ఫొటో తుడవడమే ఆమె కళ్ళముందు మెదులుతూ ఉంది. మర్నాడు భానుప్రియ రాకముందే షాపు తెరిచింది. అడుగు షీట్లలో చిన్న గీతలవీ, సాదావీ, నీలం రంగువీ ఇసుక రంగువీ ఏరి ఎనిమిదంగుళాలకి కోసింది. చిన్న ఆల్బం ఒకటి సంచిలో వేసుకుని పోలేరమ్మ పల్లెకని వాకాడు వైపు పోయే బస్సెక్కింది.

పోలేరమ్మ ఇంటి ముందు ఎండు రొయ్యలు చెరుగుతూ ఉంది. తలెత్తి చూసింది.

"మా ఆయన తప్పిపోయినాడని అన్నావే, మళ్ళా ఎందుకొచ్చినావు?"

"అన్నాను. అనకూడదు."

"కూర్చోమని నేననను. చేస్తే చేసి పో."

ఉష అరుగు కింద నేల మీదే కూర్చుంది. పడవ పక్కన నిలబడిన ఫొటో పేజీకి నిండుగా సరిపోయింది. పాస్‌పోర్టు ఫొటో వెనక మందపాటి కాగితాలు ఒకదానికన్నా ఒకటి కాస్త పెద్దవిగా పొరలు పొరలుగా అతికించి, నీలం పేజీ మీద పెట్టబోయింది.

"నీలం వద్దు" అంది పోలేరమ్మ. "నీళ్ళు చూసింది చాలు ఆయన."

ఉష నీలం కాగితాలన్నీ తీసేసి ఇసుక రంగువి పెట్టింది. పని పూర్తయ్యాక ఆల్బం చేతికిస్తే పోలేరమ్మ ఒక్కో పేజీ తిప్పి చూసింది. లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది.

షాపుకి తిరిగి వచ్చేసరికి కోతలో మిగిలిన ముక్కలు కౌంటరు మీద గుట్టగా ఉన్నాయి. వాటి వెనక భానుప్రియ, ఆమె భర్త పెంచలప్రసాద్ నిలబడి ఉన్నారు.

"నేను తెచ్చిన షీట్లు దొంగగా కోసుకుని పోయినావు" అంది భానుప్రియ.

"వృథా చెయ్యలా. పేజీకి ఎనిమిదంగుళాలు పోతే నాలుగంగుళాల పట్టీ మిగలతాది. ఏఫోర్ అట్ట సగానికి కోసి మడిస్తే వచ్చే కార్డు మీదికి ఆ పట్టీ సరిపోతాది. చిన్న డిజైన్లు చూసే కోసినా."

భానుప్రియ ఆ పట్టీలన్నీ రెండు చేతులతో ఊడ్చి రోడ్డు పక్క కాలవలో పోసింది. పెంచలప్రసాద్ "ఇద్దరూ సర్దుకోండి" అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. ఉష తన కత్తెర, కోత మిషను తీసుకుని బయటికి నడిచింది.

తమ ఇంట్లో వీధి గది ఖాళీ చేయించుకుని అక్కడే పని మొదలుపెట్టింది. కార్డులకి అరడుగు ప్యాడ్లు, ఆల్బములకి ఎనిమిదంగుళాల కాగితం, మడవడానికి మందపాటి ఏఫోర్ అట్టలు. ఇంకే సైజూ ఇంట్లోకి రానివ్వలేదు. ఎవరైనా పెద్ద ఆల్బం అడిగితే లేదనేది. ఎక్కడ దొరుకుతుందంటే తెలియదనేది. ఉష కార్డులు బస్సు టికెట్టంత ఉంటాయని భానుప్రియ బజారంతా చెప్పింది. ఆడబిడ్డ ఇంట్లో సీమంతానికి ఒకరొస్తున్నారని ఇంకొకరు మానేశారు. ఉష భర్త నరేంద్రబాబు అన్నతో మాట్లాడాలన్నా వీధి చివరి టీ కొట్టుకి పోవాల్సి వచ్చింది.

ఏడాది తిరగకముందే ఇద్దరూ చెన్నైలో ఒకే కాగితాల దుకాణంలో ఎదురుపడ్డారు. భానుప్రియ ముందు నాలుగు ప్యాడ్లు ఉన్నాయి. అరడుగువి. ఉషను చూసి కొంగు వాటి మీదికి లాక్కుంది.

దుకాణదారుకి ఇద్దరూ తెలుసు. "ఒకే బిల్లు వేసేదామ్మా?" అన్నాడు.

"వేరే" అంది ఉష. "ఆ ప్యాడ్లు లోపల ఇంకెన్ని ఉండాయి?"

"ఒక పెట్టె ఉంటుంది."

"మొత్తం నాకియ్యి."

అంత సరుకు ఆమెకి అక్కర్లేదు. ఏడాది వాడినా తరగదు. భానుప్రియ ఆమె వంక చూసింది. ఉష బజారు షాపు విడిచి వెళ్ళాక భానుప్రియ ఆమెతో అన్న మొదటి మాట ఇదే.

"కుళ్ళుబోతుదానా."

"అవును" అంది ఉష. పెట్టె కట్టించుకుని, మోయలేక మోయలేక బస్టాండుకి నడిచింది.