మా పట్టాలు, వాళ్ళ పట్టాలు

ముందే చెప్తున్నానండి, నాకు రాయటం అలవాటు లేదు. చదివింది ఐదో తరగతి. ఏ శ ఎక్కడ పెట్టాలో, ఏ వత్తు ఎక్కడ రావాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అయినా ఇది ఇంకొకళ్ళ చేత రాయించదలుచుకోలేదు. ఎందుకంటే ఈ సంగతిని ఒకావిడ పెళ్ళిళ్ళలో తనకు నచ్చినట్టు చెప్పుకుంటూ తిరుగుతోంది.

మొన్న మా మనవరాలు బడికి బొమ్మలేవో అతికించాలంది, ఇంట్లో జిగురు లేదు. తుమ్మబంక తెప్పించి గిన్నెలో నానబెట్టాను. తెల్లారేసరికి వంటిల్లంతా ఆ పుల్లటి చెక్క వాసన. ఎవరికైనా చిన్నప్పటి వాసన తగిలితే సంతోషం వేస్తుందంటారు. నాకు ఒళ్ళు మండింది.

జగ్గయ్యపేటలో మాది ఒకే కప్పు కింద రెండు కుటుంబాలున్న ఇల్లు. ఒక పక్క గదుల్లో పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ళ కూతురు సరోజక్క. ఇంకో పక్క అమ్మ, నాన్న, నేను. మధ్యలో అందరిదీ అయిన పెద్ద నట్టిల్లు, అందులో ఓ మూల తాత మంచం. పెద్దమ్మది నందిగామ. ఆవిడ నవ్వటం నేను చూసింది, మా అమ్మ పెట్టిన వడియాలు వానకు తడిసినప్పుడే. సరోజక్క నాకన్నా రెండేళ్ళు పెద్ద. ఎండాకాలం ముంజెలు తిన్నా, వానాకాలం పొయ్యిలో జొన్నకంకులు కాల్చుకున్నా, అచ్చనగండ్లాడి ఓడిపోయి జుట్లు పట్టుకున్నా, మేమిద్దరమే.

మా ఊరికి రైలు లేదు. రైలు చూడాలంటే మధిర పోవాలి. నాన్న మిరపకాయల బస్తాలు బండికెత్తుకుని మధిర స్టేషనుకు తోలేవాడు. ఒకసారి మా ఇద్దరినీ ఆ బస్తాల మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. దారి పొడుగునా తుమ్ముకుంటూ, కళ్ళు నలుపుకుంటూ పోయి చూశామండి, నల్లటి ఇంజను, దాని పక్కనుంచి ఉఫ్ఫుమని వదిలే ఆవిరి, చెయ్యి వాలినట్టు వాలే సిగ్నలు, పచ్చజెండా మడిచి చంకలో పెట్టుకున్న మనిషి. ఇంటికొచ్చినాక మాకు వేరే ఆట లేదు. దసరాకు నట్టింట్లో బొమ్మల కొలువు పెడతారు గదా, ఆ ఏడు నుంచి కొలువు మెట్ల చుట్టూ రైలు వెయ్యటం మొదలుపెట్టాము.

మొదట్లో పట్టాలంటే చీపురు పుల్లలే. పెద్దమ్మ చీపురు సన్నబడటం చూసి ఆవిడ ఎలుకలను తిట్టేది. తర్వాత నాన్నే పిల్లవాడిలా దిగాడు. బట్టల కొట్ల ముందు పారేసిన బేళ్ళకు బిగించే ఇనప పట్టీలు తెచ్చి, నిలువునా సన్నగా కోసి, కంది పుల్లల ముక్కలకు గాట్లు పెట్టి వాటిలో నిలబెట్టి, తుమ్మబంకతో అతికి, జానెడు జానెడు ముక్కలు చేసి ఇచ్చాడు. మధ్యలో పొయ్యటానికి కంకర కావాలి. నాపరాయి పెచ్చులు రోట్లో దంచి జల్లెడ పట్టాము. ఆ జల్లెడ పెద్దమ్మ రవ్వ జల్లెడ, సరోజక్క పరికిణీ చాటున పెట్టుకుని తెచ్చింది, రాళ్ళకు దాని అడుగు చిరిగింది. దాన్ని తీసుకుపోయి గడ్డివాములో దూర్చింది.

ఇంజనుకు దారపు ఉండ కర్ర, చక్రాలకు చొక్కా గుండీలు, పెట్టెలకు అగ్గిపెట్టెలు, వాటికి బొగ్గు నూరి ఆముదంలో కలిపిన నలుపు. పొగగొట్టంలో ఊదుబత్తి గుచ్చితే నిజంగానే పొగ వచ్చేది. పళ్ళెంలో మట్టి పోసి ఆవాలు చల్లితే పండుగ నాటికి పచ్చటి చేను. తుమ్మ రెమ్మలే చెట్లు. అట్టముక్క మీద 'జగ్గయ్యపేట' అని నా చేత రాయించి స్టేషనుకు తగిలించారు. పేరంటానికి వచ్చి శనగలు కొంగున కట్టుకున్న ఆడవాళ్ళు, "మనూరికి రైలెప్పుడొచ్చిందే?" అని నోరు నొక్కుకునేవాళ్ళు. సరోజక్క ఒక చివర, నేను ఒక చివర కూర్చుని పుల్లతో రైలును నెట్టుకునేవాళ్ళము. నా చేతిలోంచి వెళ్ళి ఆమె చేతికి చేరేది, మళ్ళీ వచ్చేది.

నాకు పదేళ్ళప్పుడు తాత పోయాడు. పొలం పట్టాలు ఎక్కడ దాచాడో ఎవరికీ చెప్పలేదు. వీరులపాడు వైపు మెట్ట చేను అన్నదమ్ములు పంచుకోవాలి. పెద్దమ్మ మా నాన్నను అనుమానించేది, అమ్మ పెద్దమ్మను అనుమానించేది. అప్పటికి ఇంట్లో మాటలన్నీ గిన్నెల చప్పుళ్ళతోనే. ఆ దసరాకు పెద్దమ్మ తమ్ముడు నందిగామ నుంచి బస్సెక్కి వచ్చి కూర్చున్నాడు.

కొలువు పెట్టే ముందు రోజు మధ్యాహ్నం నేను స్టేషనుకు ఎర్ర జాజు పూస్తున్నాను. అంతకుముందు పెద్దమ్మ గడప దాకా పోయి ఆగే పట్టాలను, జనం తొక్కుతున్నారని, నాన్న వంపు తిప్పి మళ్ళీ మా వైపుకే తెచ్చాడు. కోళ్ళు కెలకకుండా తీసి దాచాడు. సరోజక్క వాళ్ళ గడపలో నిలబడి అడిగింది.

"ఏమేయ్, పట్టాలెక్కడే?"

"నాన్న బియ్యప్పెట్టెలో దాచాడు. మీ వైపు పట్టాలు గూడా మా వైపుకే తిప్పేశాడు. మీ అమ్మకి చెప్పమాక."

లోపల పెద్దమ్మ తమ్ముడికి అన్నం వడ్డిస్తోంది. గరిట చప్పుడు ఆగిపోయింది. ఆవిడ గడపలోకి వచ్చి, "ఏ పట్టాలే సరోజా?" అని అడిగింది. సరోజక్కకు తెలుసు. చెప్తే జల్లెడ సంగతి బయటపడుతుంది. తల వంచుకుని, "ఏమో, నాకేం తెలుసు" అంది. నేను నోరు తెరిచేలోపు పెద్దమ్మ నన్ను పక్కకు నెట్టి పెదనాన్నను పిలిచింది.

నాన్న బజారు నుంచి రాగానే పెదనాన్న అడిగాడు: "ఒరే, పట్టాలు నీ దగ్గరున్నయ్యంటగా."

నాన్న నవ్వాడు. "ఉన్నయ్ అన్నయ్యా. అవి పిల్లయ్యేగా."

"విన్నారా, అప్పుడే పిల్ల పేరన ఎక్కిచ్చాడు" అంది పెద్దమ్మ.

"బావా, ఇది సంతకాల దాకా పోయింది" అన్నాడు ఆ తమ్ముడు, చెయ్యి కడుక్కోకుండానే.

ఆ తర్వాత అన్న మాటలు కొన్ని రాయను. మా అమ్మను దొంగ అన్నారు, పుట్టింట్లో గతి లేనిదన్నారు. అమ్మ కూడా ఊరుకోలేదు. "మీ తమ్ముడు పండగపండక్కీ బస్సెక్కొచ్చేది గారెలకోసం కాదని మాకు తెలుసులే అక్కా" అంది. చివరకు నాన్నకు అర్థమై, బియ్యప్పెట్టె తెరిచి, ఆ ఇనప పట్టాలు చేతినిండా తెచ్చి నట్టింట్లో పోశాడు. ఘల్లున పడినయ్యి. పెదనాన్న మీసం కదిలింది, నవ్వుతాడనుకున్నాను. నేను సరోజక్క వంకే చూస్తున్నాను, ఇప్పుడన్నా చెప్తుందని, అమ్మా, నేనడిగింది ఈ పట్టాలేనే అని. ఆమె స్తంభం మీద సున్నం గీరుతోంది.

"ఎగతాళా?" అంది పెద్దమ్మ. స్టేషను మీద నుంచి, ఆవచేను మీద నుంచి, ఇంజను మీద నుంచి నడుచుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయింది. గుండీలు పగిలిన చప్పుడు నాకు వినపడింది.

పొలం పట్టాలు కరణం దగ్గరే ఉన్నాయని తర్వాత తేలింది. అప్పటికే దొంగ అన్న మాట అనటం అయిపోయింది. దీపావళి రాకముందే నట్టింటి మధ్య ఇటుక గోడ లేచింది. ఆ ఏడు కొలువు లేదు, తర్వాత ఏడూ లేదు.

పోయిన మాఘమాసంలో నందిగామలో పెళ్ళికి వెళ్ళాను. భోజనాల బంతిలో నా ఎదురుగా సరోజక్క. చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్తోంది: "మా చెల్లి నోటికి ముందునుంచీ అడ్డు లేదమ్మా. రేకు ముక్కల రైలు కోసం బంగారంలాంటి ఇంటిని రెండు చేసింది." అందరూ నవ్వారు.

"అక్కా, ఆ రోజు మీ అమ్మ అడిగింది నిన్ను, నన్ను కాదు" అన్నాను.

ఆమె నా వంక చూడకుండానే వడ్డించే అబ్బాయిని పిలిచింది. "ఆవిడకి సాంబారు పొయ్యి నాయనా, అన్నం చల్లారిపోతంది."

నేను విస్తట్లో చెయ్యి కడుక్కుని లేచి వచ్చేశాను. బంతి మధ్యలో లేవకూడదని నాకూ తెలుసు.

ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, గోడా లేదు, ఆ స్థలంలో సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. కొలువు పెట్టేవాళ్ళు లేరు, ఆవాలు చల్లేవాళ్ళు లేరు. మా ఊరికి సిమెంటు కోసం గూడ్సు బండి వస్తోంది, ఎవరూ తలెత్తి చూడరు. ఉన్నది మేమిద్దరమే, మాకు మాటల్లేవు.

ఇందులో అక్షరాలు తప్పు పడితే, వాక్యాలు వంకర పోతే మన్నించండి. మన్నించటం నాకు చేతకాలేదు గాని, మీకు చేతనవుతుందనే అడుగుతున్నాను.