చుక్క పెట్టి సూది గుచ్చే డాక్టరమ్మ

సూది గుచ్చితే గడ్డ ఒళ్లంతా పాకుతుందని భయపడి భద్రాచలం అడవి పల్లెల జనం ఇంకా పరీక్షకు రావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

రెండువేల ఆరులో మా పెద్దమ్మ తొడమీది గడ్డ చూపించడానికి ఖమ్మం తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మకు ఒక అలవాటు. ముందే ఆపరేషన్ డాక్టరుకు ఫోన్ చేసి ఎక్కడ కోస్తారో అడిగి, అక్కడే నీలం చుక్క పెట్టి, పరీక్షకు గడ్డలోంచి చిన్న ముక్క తీయడానికి సూది గుచ్చేది.

పెద్దమ్మ కాలు ముడుచుకుంది. “సూది పెడితే పాకదా బిడ్డా?”

గ్రంథాలయంలో చదివిన ధీమాతో “అస్సలు పాకదు” అన్నాను నేను.

“గట్ల చెప్పకు తమ్మీ,” అంది డాక్టరమ్మ. “చానా తక్కువ గానీ, పాకొచ్చు. అందుకే సూదితోని ఒక్క దారిలనే పోత. ఆపరేషన్ చేసినప్పుడు గడ్డతో పాటు ఆ దారిని గూడ తీసేస్తరు పెద్దమ్మా.”

“మా సదువుకున్నోడి కంటే నువ్వే నయం. ఉన్నది చెప్పినవ్,” అంటూ పెద్దమ్మ కాలు చాపింది.

ఆపరేషనయ్యి గాయం మానాక పెద్దమ్మ మళ్లీ అడవికి ఇప్పపూలు ఏరడానికి వెళ్లింది.

గ్రంథాలయంలో పుస్తకాలిచ్చిన రాములు గారికి, ఆరోజు మమ్మల్ని ఆటోలో ఆసుపత్రికి చేర్చిన యాకూబ్‌కు కృతజ్ఞతలు. డాక్టరమ్మ పేరు అడగాలని ఆరోజు తోచలేదు.